పౌడర్ డబ్బాలో పెద్దమనుషులు

ఎల్లప్పకు ఒకటే జబ్బు. చేతికి చిక్కిన ప్రతి గుండునూ అద్దం మీద దొర్లించి చూడాలి. చూసి, అది పెద్దమనిషో తాగుబోతో తేల్చాలి. తేల్చేదాకా ఆయనకు కూడు సయించదు. తేల్చడం మొదలుపెడితే ఎదురుగా కూడు ఉన్న సంగతే గుర్తుండదు.

గుండు అనగానే బెదరకండి. ఇవి ఎవరి ప్రాణమూ తీసేవి కావు. ఎయిర్ పిస్తోలులో పెట్టి, గాలి ఒత్తిడితో పది మీటర్ల అవతల ఉన్న అట్టను కొట్టే సీసపు గుండ్లు. పెసరగింజంత ఉంటాయి, నడుము దగ్గర నొక్కినట్టుంటాయి. షాపుల్లో పెల్లెట్లంటారు. ఎల్లప్ప మటుకు గుండ్లనే అంటాడు. ఉద్యోగమంతా పోలీసుల ఆయుధాల గదిలో తుపాకులు తుడిచి రిటైరైన మనిషికి ఆ మాటే నోటికి అలవాటు.

ఇక ఆ అద్దం సంగతి. ఏదో లారీ పక్కద్దం పగిలితే ఒక ముక్క ఏరుకొచ్చి, అంచులు బండమీద అరగదీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ బరువుకు చొక్కా ఎప్పుడూ ఒక పక్కకు జారే ఉంటుంది. అద్దాన్ని కాస్త వాలుగా పట్టుకుని గుండును పైనుంచి వదులుతాడు. అది చక్కగా ఒకే వంపు తిరిగొచ్చి, ఆగాల్సిన చోట ఆగిందా, పెద్దమనిషి. మధ్యలో తూలిందా, తాగుబోతు.

“రా నాయనా రా. పెద్దమనిషివి, ఈ పక్క కూచో. నువ్వేందిరా? పొద్దున్నే ఏసుకోని వచ్చినావా? పో, ఆ పక్క పో!”

ఇట్లా గుండ్లతో మాట్లాడుతుంటే హిందూపురంలో కొత్తవాళ్లు ఆగి చూసేవాళ్లు. పాతవాళ్లు కణత దగ్గర వేలు తిప్పి చూపించి, కొత్తవాళ్లను చెయ్యి పట్టి తీసుకుపోయేవాళ్లు.

ఈ జబ్బు ఆయనది. సిగ్గు మాత్రం పవిత్రది.

పవిత్ర హనుమక్క కూతురు. హనుమక్క గార్మెంట్సు ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. ఎల్లప్ప ఇంటి పక్క పోర్షనే వాళ్లది. ఆమె ఆయన్ను అన్నా అంటుంది కాబట్టి పవిత్రకు ఆయన మామ అయ్యాడు. ఒకరోజు ఈ పిల్ల చింతచెట్టు కొసన వేలాడే కాయకు గురిచూసి రాయి వేసింది. కాయ ఊడి ఎల్లప్ప నెత్తిన పడింది. ఇంకొకరైతే తిట్టేవాళ్లు. ఆయన ఆ కాయను చేతిలో పట్టుకుని హనుమక్క దగ్గరికి పరుగెత్తాడు.

“హనుమక్కా! నీ బిడ్డ చెయ్యి వణకదు! ఆ చెయ్యి నాకియ్యి!”

“చెయ్యొగటే తీస్కపోయి ఏం జేస్తావన్నా? మనిషిని గూడా తీస్కపో. ఇంట్లో గిన్నెలన్నీ పగలగొడతాంది.”

అట్లా మూతబడిన పట్టు రీలింగు షెడ్డులో పవిత్ర పిస్తోలు పట్టింది. పిస్తోలు ఎల్లప్పదే, ఎవరో వాడి పారేసింది, గొట్టం అరిగింది. గురి కుదిరింది. జిల్లాలో పేరూ వచ్చింది. కానీ పేరు అన్నం పెట్టదు కదా. హనుమక్క ఒక మాట తెగేసి చెప్పేసింది.

“ధర్మవరంలో సెలక్షనుంటాదంట గదా. రాష్ట్రం టీముకు తీసుకున్న్యారా, సంతోషం, ఆడుకో. తీసుకోకుంటే నాతో గార్మెంట్సు బస్సెక్కు. మళ్లా కన్నీళ్లు పెట్టుకోకూడదు.”

పవిత్ర సరేనంది. ఆ మిషన్ల హోరు తలుచుకుంటే గుండెల్లో గుబులే, కానీ ఆమెను అంతకంటే ఎక్కువ వేధించేది వేరే ఉంది. మామ, మామ అద్దం, మామ గుండ్లు. మంచి కంపెనీ గుండ్లు విమానమెక్కి రావాలి. వాటి ధర వింటేనే హనుమక్కకు చలిజ్వరం పట్టుకుంటుంది. చవక గుండ్లు ఎన్నైనా దొరుకుతాయి, కానీ అవి ఒకటి మడకశిర వైపు పోతే ఇంకొకటి అనంతపురం వైపు పోతుంది. ఎల్లప్ప ఆ చవకవే కొంటాడు. యాడ కొంటాడంటే, చెప్పడానికే నామోషీ, జాతరల్లో బెలూన్లు కొట్టించే మారెమ్మ దగ్గర!

లేపాక్షిలో బంధువుల పెళ్లి. పంక్తిలో ఎల్లప్ప పక్కన పవిత్ర. విస్తరి వేశారు, ఉప్పు పెట్టారు, పాయసం పెట్టారు. ఎల్లప్ప జేబులోంచి అద్దం తీసి విస్తరి పక్కన గ్లాసుకు ఆనించి వాలుగా పెట్టాడు. దొర్లించడం మొదలుపెట్టాడు. వడ్డించే అబ్బాయి సాంబారు గరిటె ఎత్తాడు.

“ఆగబ్బా, ఆగు! ఈడ పెద్దమనిషి ఉండాడు, మీద పోసేవు!”

ఆ అబ్బాయి ఉలిక్కిపడి అటూ ఇటూ చూసి, ఎదురుగా ఉన్న మగపెళ్లివారి తాతకు దణ్ణం పెట్టాడు. ఎల్లప్పకు అదేం పట్టలేదు. వరసగా నాలుగైదు గుండ్లు తూలేసరికి ఆయనకు ఒళ్లు మండింది.

“థూ! ఇంతమందిలో ఒక్క పెద్దమనిషీ లేడే! అంతా తాగుబోతులే!”

పంక్తిలో గరిటెల చప్పుడు ఆగిపోయింది. మగపెళ్లివారి తాత చెయ్యి కడుక్కుని లేచాడు. ఆయన వెనకే సగం పంక్తి లేచింది. వాళ్లను మళ్లీ కూర్చోబెట్టడానికి హనుమక్క ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఆయప్ప అన్నది మిమ్మల్ని కాదు, గుండ్లను అని చెప్పుకుంటూ తిరిగింది. వినే వాళ్లెవరు? పవిత్ర పాయసం కూడా తాకకుండా లేచొచ్చి ఆటోలో కూర్చుంది.

ఇంకోసారి గుడిబండ బస్సు. ఎల్లప్ప ఒడిలో గుడ్డ పరిచి, దాని మీద గుండ్లు పోసుకుని దర్జాగా దొర్లించుకుంటున్నాడు. అడ్డంగా గొర్రెలమంద వచ్చిందని డ్రైవరు బ్రేకు వేశాడు. గుండ్లన్నీ బస్సంతా చెల్లాచెదురు. ఎల్లప్ప సీటెక్కి నిలబడ్డాడు.

“కాళ్లెత్తండప్పా! కాళ్లెత్తండి! ఎవురూ తొక్కాకండి!”

ముసలమ్మలతో సహా బస్సంతా కాళ్లెత్తింది. కండక్టరు టికెట్ల మిషను చంకన పెట్టుకుని వంగి ఏరాడు. “ఏం విత్తనాలన్నా ఇవి? వానకు ఏసేవా?” అని ఒక రైతు రెండు గుండ్లు అరచేతిలో వేసుకుని పరీక్షగా చూశాడు. అన్నీ ఏరి ఇచ్చాక ఎల్లప్ప ఏం చేశాడు? కింద పడి సొట్టపోయి ఉంటాయని మళ్లీ మొదటినుంచీ దొర్లించడం మొదలుపెట్టాడు. అంతలో కండక్టరు పవిత్రను అడిగాడు.

“ఏమ్మా, ఆయప్ప మీవాడేనా?”

“కాదన్నా. నాకు తెలీదు.”

ఆ మాట అన్నాక ఇక అదే బస్సులో కూర్చోబుద్ధి కాలేదు. తర్వాతి స్టాపులోనే దిగేసి, మిగిలిన దారంతా ఎండలో నడిచింది. ఎల్లప్ప ఊళ్లో ఆమె కోసం నీళ్ల బాటిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. “ఏమ్మీ, కాళ్లు సాపు చేసుకుందామని నడిచినావా? మంచిదే, నిలకడొస్తాది” అన్నాడు. ఆమెకు తల యాడ పెట్టుకోవాలో తెలియలేదు.

పోనీ ఆయన గొప్ప గురికాడా అంటే అదీ లేదు. పంద్రాగస్టు పండక్కి పెద్దవాళ్ల పోటీ పెడితే ఎల్లప్ప ఠీవిగా నిలబడ్డాడు, ఊపిరి బిగబట్టాడు, పక్కవాడి అట్టను కొట్టాడు. పక్కవాడికి బహుమతి వచ్చింది. జనం ఒకటే నవ్వు. “గురువే ఇట్లుంటే శిష్యురాలు ఎట్లుంటాదో” అని వెనక ఎవరో అననే అన్నారు.

“ఏం మామా, అంత దగ్గర గురి తప్పినావు?”

“వయసమ్మీ. కన్ను మసక.”

తలవెంట్రుకంత సొట్టను మూరెడు దూరం నుంచి పసిగట్టే మనిషికి కన్ను మసక ఏమిటని పవిత్రకు అప్పుడు తట్టలేదు. సిగ్గులో మునిగినప్పుడు బుర్ర పనిచేయదు కదా.

సెలక్షను వచ్చింది. ధర్మవరం పోవాలి. హిందూపురంలో చింతపండు మండీ వ్యాపారి కూతురు దీపిక కూడా పోటీలో ఉంది. మంచి పిల్ల. బెంగళూరులో కోచింగు, తళతళలాడే పిస్తోలు, దానికి సొంతంగా ఒక పెట్టె, పెట్టెలో మెత్త. “బస్సులో ఎందుకే? మా కారులో రండి ఇద్దరూ” అంది. అంతటితో ఆగక, “నా దగ్గర రెండు డబ్బాలున్నాయి, ఒకటి నువ్వుంచుకో” అని కొత్త గుండ్ల డబ్బా ఒకటి పవిత్ర చేతిలో పెట్టింది. బంగారు రంగు మూత. పవిత్ర దాన్ని మామకు కనబడకుండా బ్యాగు అడుగున దాచింది.

కారు పెనుకొండ చేరేసరికి ఉరుసు జరుగుతోంది. రోడ్డుకు రెండు వైపులా మిఠాయిలు, గాజులు, రంగులరాట్నం. వెనక సీట్లో ఎల్లప్పకు కాలు నిలవలేదు.

“డ్రైవరప్పా, రోంత ఆపు. మారెమ్మ అంగడి ఉంటాది ఈడ.”

“వద్దు మామా, పోదాం. లేటయితాది.”

“లేటెందుకయితాది? ఒక్క నిమిషం. రేపు పోటీ ఉండాదని ఆమెకు చెప్పల్ల.”

బెలూన్ల అంగడామెకు పోటీ సంగతి చెప్పడమేమిటి! పవిత్ర కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. దీపికకు మాత్రం సరదా వేసింది. దూకి దిగింది. చేసేదిలేక పవిత్రా దిగింది.

మారెమ్మ నోరున్న మనిషి. గోనెపట్టకు వరసలు వరసలుగా బెలూన్లు, దారాలకు వేలాడే బొమ్మలు, సబ్బుపెట్టెలు, అన్నిటికంటే పైన గులాబిరంగు గోడ గడియారం. ఆ గడియారాన్ని గెలిచినవాడు లేడు. అది మారెమ్మ పెళ్లికి ముందునుంచి, ఆమె అత్త కాలంనుంచి అట్లాగే వేలాడుతోంది. ఎల్లప్పను చూడగానే మారెమ్మ గట్టిగా కేకేసింది.

“ఏమన్నా! తెచ్చినావా?”

“తెచ్చినా, తెచ్చినా.” ఎల్లప్ప సంచిలోంచి ఒక మూట తీసి ఆమె ముందున్న ఇత్తడి గిన్నెలో బోర్లించాడు. ఆమె ఇంకో మూట ఆయన చేతికిచ్చింది. దీపిక కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఇంత బహిరంగంగా, అంత మంది ముందర, బెలూన్ల గుండ్లు! పవిత్రకు నేలలోకి దిగిపోదామా అనిపించింది.

అది చాలదన్నట్టు ఎల్లప్ప జేబులోంచి ఒక పాత పౌడర్ డబ్బా తీశాడు. మూత మీది పువ్వు బొమ్మ చెరిగిపోయింది. “ఇదో అమ్మీ, రేపటికి. జాగ్రత్తగా పెట్టుకో” అని ఆమె చేతిలో పెట్టి, మారెమ్మ తుపాకీల్లో ఒకదాని గొట్టం మడత బిగుసుకుందంటే చూడటానికి అంగడి వెనక్కి పోయాడు.

“ఏంటే అది?” అంది దీపిక.

“పౌడరు” అంది పవిత్ర. నోటికి అదే వచ్చింది.

“అబ్బ, మంచి పని చేశావ్! కొంచెం ఇవ్వవే, మొహమంతా జిడ్డు.”

ఇక చూసుకోండి పవిత్ర అవస్థ. ఇవ్వకపోతే పిసినారి, ఇస్తే బెలూన్ల గుండ్ల పిల్ల. “ఉందో లేదో చూస్తా” అని అటు తిరిగింది. మారెమ్మ ఎవరికో తుపాకీ అందిస్తోంది. ఇత్తడి గిన్నె ఎదురుగానే ఉంది. పవిత్ర కళ్లు మూసుకుని డబ్బాలోది మొత్తం గిన్నెలో పోసేసి, ఖాళీ డబ్బా దీపికకు ఊపి చూపించింది.

“అయిపోయిందే.”

పోతే పోయాయి, జాతర గుండ్లు జాతరకే పోయాయి అనుకుంది. బ్యాగులో బంగారు మూత డబ్బా ఉంది కదా.

మర్నాడు ధర్మవరంలో ఒక కాలేజీ హాల్లో పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం అసలు పోటీ. పవిత్ర బంగారు మూత తీసి ఒక గుండు పెట్టి కొట్టింది. ఎడమకు పోయింది. ఇంకోటి కొట్టింది. కిందికి పోయింది. చెయ్యి సరిగానే ఉంది, ఊపిరి సరిగానే ఉంది, అట్ట మీద మాత్రం కోళ్లు గింజలు ఏరినట్టు చిల్లులు. పక్కనే దీపిక అవే గుండ్లను నడిమధ్యలో కుప్పగా పెడుతోంది. పవిత్రకు గార్మెంట్సు బస్సు హారను చెవిలో మోగింది.

వెనక బెంచీ మీద ఎల్లప్ప మెడ చాచి చూస్తున్నాడు. ఆయన చూపు అట్ట మీదనుంచి బంగారు మూత మీదికి వచ్చింది. జేబు తడుముకున్నాడంతే.

ప్రాక్టీసు ముగిసి అందరూ వరండాలోకి వచ్చారో లేదో, గేటు దగ్గర గొడవ. వాచ్‌మన్‌ను పక్కకు నెట్టుకుని మారెమ్మ వచ్చేసింది. ఒక చేతిలో ఇత్తడి గిన్నె, గిన్నె మూతికి కొంగు కట్టి ఉంది.

“యాడుండాడు ఆ ఎల్లప్పన్న? నా అంగడి ముంచి ఈడ దాక్కుంటాడా?”

“ఏమాయె మారెమ్మా? అరవాకు, ఇది కాలేజీ.”

“కాలేజీ అయితే ఏం, కోర్టయితే ఏం! నీకు నాకు మాటేంది? మంచి గుండ్లు నీకు, తాగుబోతులు నాకు. అవునా కాదా? మూట మూట నేను తెప్పించియ్యల్ల, నువ్వు దొర్లించి మంచివి ఏరుకోని, తాగుబోతుల్ని నాకు తిరిగియ్యల్ల. తాగుబోతులైతేనే గదా నా బెలూన్లు బతికేది! నిన్న సాయంత్రం ఏమయిందో ఎరుకనా?”

ఎవరికీ ఎరుక లేదు. అందరూ చుట్టూ మూగారు.

“నా తుపాకీకి గురిచూసే ముల్లు వంకరగా ఉంటాది. ఉండల్ల, లేకుంటే నేను బతికేదెట్ల? ఇన్నేండ్లు ఎవడు కొట్టినా గుండు ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతాన్న్యాది, సరిపోయింది. నిన్న ఏమొచ్చిందో, గిన్నె పైనుంచి తీసిన ప్రతి గుండూ ఒక్క చోటికే పోయె! సరిగ్గా జానెడు ఎడమకు. ఒక పిల్లగాడు కనిపెట్టినాడు. ‘కుడి పక్క బెలూను చూసి కొట్టండిరో, ఎడమది పగుల్తాది’ అని అరిచినాడు. ఇంగ చూడు! ఉరుసంతా నా అంగడి మీద పడింది. బొమ్మలు పాయె, సబ్బుపెట్టెలు పాయె. మా అత్త గడియారం పాయె! గడియారం!”

హాలంతా ఘొల్లుమంది. మారెమ్మ గిన్నె కొంగు విప్పి ఎల్లప్ప ముక్కు కింద పెట్టింది.

“వాసన చూడు. నా గుండ్లు నూనె కంపు కొడతాయి. ఇవి పౌడర్ వాసన. పౌడర్ వాసనొచ్చే గుండ్లు ఈ జిల్లాలో నీవి గాక ఇంకెవురివన్నా?”

ఎల్లప్ప ఒక గుండు తీసి వాసన చూశాడు. పవిత్ర వైపు చూశాడు. ఆమె బ్యాగులోంచి తొంగిచూస్తున్న ఖాళీ పౌడర్ డబ్బా వైపు చూశాడు.

“నాదే తప్పు మారెమ్మా. మూటలు తారుమారు చేసినట్టుండా. ముసిలోన్ని, కన్ను మసక.”

చుట్టూ మళ్లీ నవ్వులు. “కన్ను మసకైతే కోచింగెందుకయ్యా” అని ఎవరో అన్నారు. ఎల్లప్ప తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చొక్కా ఒక పక్కకు జారి ఉంది.

ఇన్నాళ్లూ పవిత్ర పడ్డది ఒక సిగ్గు. ఇప్పుడు కలిగింది ఇంకొకటి. ఈ సిగ్గు ముందు పెళ్లి పంక్తిలో సిగ్గు, బస్సులో సిగ్గు లెక్కలోకి రావు. ఆమె ముందుకొచ్చి నోరు తెరిచింది.

“మామ కాదు. నేను పోసినా.”

“నువ్వు ఊరుకో అమ్మీ.”

“నేనే పోసినా మామా! పౌడర్ డబ్బాలో బెలూన్ల గుండ్లు తెచ్చుకున్న్యానని దీపిక నవ్వుతాదేమోనని, సిగ్గయి, ఆ గిన్నెలో పోసేసినా.”

దీపిక నోరు తెరిచింది. “అంటే నిన్న అయిపోయిందన్నది పౌడరు కాదా?”

మారెమ్మ గిన్నె కింద పెట్టి నెత్తి కొట్టుకుంది.

“అయ్యో నీ తెలివి తగలెయ్య! బెలూన్ల గుండ్లంటావా పాపా వాటిని? మూటకు గుప్పెడు మంచివి దొరికితే గొప్ప. ఆ ఒక్క డబ్బా నిండేదానికి ఈయప్ప ఎండాకాలమంతా దొర్లించినాడు. నీ పిస్తోలు గొట్టం అరిగిందంట గదా, దానికి సరిపడేటివి ఏరల్లని. పెండ్లిలో దొర్లించె, బస్సులో దొర్లించె. జనం పిచ్చోడంటాంటే నేనే అడిగినా, ఇంట్లో కూచోని చేసుకోరాదా అన్నా అని. ‘టయిము సాలదు మారెమ్మా, సెలక్షనొస్తాంది’ అనె.”

“మారెమ్మా, ఇంగ సాలు” అన్నాడు ఎల్లప్ప.

“ఎందుకు సాలు? తనకొక్క మంచి గుండు ఉంచుకుంటాడా? ఉంచుకోడు. పంద్రాగస్టుకు నా తాగుబోతుల్తోనే నిలబడి నవ్వులపాలాయె. పోలీసుల్లో ఈయప్ప గురికి ఎదురు లేదని మా మామ చెప్తాన్న్యాడు.”

పవిత్ర ఏడుపు ఆపుకుంటూ అడిగింది. “ముందే చెప్పొచ్చు గదా మామా?”

“ఎట్ల చెప్పేది?” ఎల్లప్ప ఇబ్బందిగా అద్దం తుడుచుకున్నాడు. “చెప్పుంటే నువ్వు ప్రతి గుండుకూ అయ్యో మామ కష్టం అనుకుంటావు. అట్ల అనుకుంటే చెయ్యి వణుకుతాది. నీ చెయ్యి వణక్కూడదమ్మీ. వణకని చెయ్యి అనే గదా మీ అమ్మ కాడ అడుక్కున్న్యా.”

పవిత్ర ఆయన చేతిలోంచి అద్దం లాక్కుంది. వరండా మధ్యలో, అంతమంది నడిచే దారిలో, బాసిపట్టు వేసుకుని కూర్చుంది. గిన్నె ఒడిలో పెట్టుకుంది. ఒక గుండు తీసి వాసన చూసి, అద్దం వాలుగా పట్టి వదిలింది.

“ఇది పెద్దమనిషి” అంది గట్టిగా. ముక్కు చీదుకుని ఇంకోటి వదిలింది. “ఇది తాగుబోతు.”

పోటీల నిర్వాహకుడొకాయన వచ్చి, “ఏమ్మా, దారిలో ఈ దుకాణమేంది?” అన్నాడు.

“పక్కనుంచి పొండి సార్. పెద్దమనుషులు ఉండారు, తొక్కుతారు.”

దీపిక వచ్చి పక్కన చతికిలబడింది. గుప్పెడు గుండ్లు తీసుకుని, పౌడర్ వాసనవి ఒక పక్క, నూనె కంపువి ఒక పక్క వేయసాగింది. మారెమ్మ కూడా కొంగు బిగించి కూర్చుంది, తాగుబోతుల్లో ఒక్కటి తక్కువైనా ఒప్పుకోనని. ఎల్లప్ప నిలబడి చూస్తూ, “అమ్మీ, అద్దం రోంత వాల్చు... మారెమ్మా, అది తాగుబోతు కాదు, రోంత నిద్రమత్తులో ఉండాడంతే” అని చెబుతున్నాడు. దారిన పోయేవాళ్లు చూసి నవ్వారు. పవిత్రకు ఆ నవ్వు వినబడింది. తల మాత్రం ఎత్తలేదు. పని ఉంది మరి.

మధ్యాహ్నం పోటీకి సరిపడా పెద్దమనుషులు డబ్బాలో చేరారు. పవిత్ర ఆ పౌడర్ డబ్బాను బల్ల మీద అందరికీ కనబడేట్టు పెట్టుకుంది. కొట్టింది. ఒకటి రెండు చెడ్డవి కూడా పడ్డాయి, ఎందుకంటే మామ కష్టం గుర్తుకొచ్చి మామ చెప్పినట్టే చెయ్యి వణికింది. తర్వాత దాన్ని అదుపులోకి తెచ్చుకుంది. ఎంపికైనవాళ్ల పేర్లు చదివినప్పుడు దీపికది మొదట వచ్చింది, పవిత్రది చిట్టచివరన వచ్చింది. చివరిదైతేనేం, గార్మెంట్సు బస్సు మటుకు తప్పింది. ఫోనులో హనుమక్క మొదట అరిచింది, తర్వాత ఏడ్చింది, ఆఖరున, “ఎల్లప్పన్నకు ఇయ్యాలైనా కడుపుకు పెట్టించు, అద్దం లాగేసుకో” అంది.

తిరుగుదారిలో మారెమ్మ కూడా కారెక్కింది. పెనుకొండలో అంగడి ముందు దిగగానే నష్టం సంగతి ఎత్తింది. ఎల్లప్ప ఒప్పుకున్నాడు. వచ్చే జాతరలన్నిటికీ మేలైన తాగుబోతుల్ని, ఒక్క పెద్దమనిషి కూడా కలవకుండా, చేరవేస్తానని మాటిచ్చాడు. పవిత్ర బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసింది. అడుగున ఇంకొక్క గుండు మిగిలింది.

“మామా, ఇది నువ్వు కొట్టు.”

“నాకెందుకమ్మీ? దాచిపెట్టు, పనికొస్తాది.”

“నువ్వు కొట్టల్ల. అంతే.”

జనం గుమిగూడారు. ఎల్లప్ప గుండు అందుకున్నాడు. అలవాటు చొప్పున అద్దం మీద ఒకసారి దొర్లించాడు, తలాడించాడు, మారెమ్మ వంకర తుపాకీలో పెట్టాడు. గోనెపట్ట పైన నిన్నటిదాకా గడియారం వేలాడిన దారం ఒక్కటే మిగిలి గాలికి ఊగుతోంది. ఆయన దానికి జానెడు కుడికి గురిపెట్టాడు. నొక్కాడు. దారం పుటుక్కున తెగి కింద పడింది.

ఈలలు, చప్పట్లు. దీపిక ఎగిరి గంతేసింది. మారెమ్మ కూడా చప్పట్లు కొట్టి, వెంటనే ఇది తన అంగడని గుర్తుకొచ్చి ఆపేసింది. ఎల్లప్ప మటుకు తుపాకీ దించి దిగులుగా నిలబడ్డాడు.

“మంచి గుండు దండగాయె గదమ్మీ.”

అని, అది సొట్టపోయిందో బాగుందో చూద్దామని గోనెపట్ట వెనక్కి దూరి, మోకాళ్ల మీద వంగి వెతకడం మొదలుపెట్టాడు. జనం తోసుకుంటూ ముందుకొస్తున్నారు. పవిత్ర లంగా ఎగదోపి, ఆయన పక్కనే నేలమీద వంగి, ఉరుసంతా వినబడేట్టు కేకేసింది.

“కాళ్లెత్తండప్పా! కాళ్లెత్తండి! మా మామ గుండు!”